రెండు పిడుల పెద్దాయన

అమ్మకానికి పెట్టింది నేనే. మా ఆయనకు చెప్పలేదు. చెప్పి పెడితే రెండు గొడవలు, చెప్పకుండా పెడితే ఒకటే. అందుకని ఆయన డ్యూటీకి వెళ్ళాక, దాని మీదున్న ఇస్త్రీ బట్టల దొంతర మంచం మీదికి మార్చి, ఫోన్లో ఫోటో తీసి, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో పెట్టేశాను. "పాత బేస్ గిటార్ ఆంప్లిఫయర్. వాల్వులది. ఇద్దరు పట్టుకుంటేనే కదులుతుంది." అంతే రాశాను.

నడుమెత్తు పెట్టె అది. నల్ల రెక్సిను, ముందు గోధుమరంగు జాలీ గుడ్డ, ఆ గుడ్డ మూలన చిరుగు కనపడకుండా నీలం దారంతో నేను వేసిన కుట్లు, రెండు పక్కలా రెండు ఇనప పిడులు. మా పాటల ట్రూపులో దాన్ని ఆంపు అని ఎవరూ అనేవాళ్ళు కాదు. మా అందరికన్నా ముందు పుట్టింది కాబట్టి పెద్దాయన అనేవాళ్ళం. "పెద్దాయన లేచాడా?" అంటే లోపలి గాజుబుడ్ల వాల్వులు వేడెక్కాయా అని అర్థం. ఇప్పుడు పెద్దాయన మా పడగ్గదిలో ఒక మూల ఇస్త్రీ బట్టలు మోసుకుంటూ బతుకుతున్నాడు.

నిజం చెప్పాలంటే నాకు దాన్ని అమ్మాలని లేదు. నాకు కావలసింది మా తమ్ముడు.

తమ్ముడు బేస్ గిటార్ వాయించేవాడు. మా ఆయన పాడేవారు. నేను వైర్లు చుట్టేదాన్ని. నవ్వకండి, వైర్లు చుట్టేవాళ్ళు లేని ట్రూపు రెండో ప్రోగ్రాంకే చిక్కుపడిపోతుంది.

మేం కొన్నప్పటికే పెద్దాయన సెకండ్ హ్యాండు. ఒక హోటల్లో ఏళ్ళ తరబడి వాయించిన ముసలాయన, వేళ్ళు వణకడం మొదలయ్యాక అమ్మకానికి పెట్టాడు. అప్పటికి మా ఆయన ఇంకా మా ఆయన కాదు, తమ్ముడి స్నేహితుడు. ముగ్గురం వెళ్ళాం. బేరం సంగతి తర్వాత అని ముసలాయన మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"వాయించడం అవగానే ఎత్తుకుపోకండమ్మా. వేడి మీద కుదిపితే లోపల వాల్వులు పాడైపోతాయి. చల్లారేదాకా దాని పక్కనే కూర్చోండి. తొందరున్నోళ్ళకి ఈ పెట్టె పనికిరాదు."

తోపుడుబండి మీద ఎక్కించుకుని వస్తుంటే ఆయన వీధి మలుపు దాకా ఒక చెయ్యి పెట్టె మీద ఆనించి మాతో నడిచాడు. మలుపు దగ్గర చెయ్యి తీసేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. వయసులో ఉన్నప్పుడు నవ్వు రాకూడని చోటే వస్తుంది.

ముసలాయన మాట మేం తప్పలేదు. ప్రోగ్రాం అయిపోగానే డ్రమ్ములవాళ్ళూ కీబోర్డతనూ సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మేం ముగ్గురం మాత్రం ఖాళీ స్టేజి మీద పెద్దాయన చుట్టూ కూర్చునేవాళ్ళం. కింద కుర్చీలు మడిచే చప్పుడు. పెట్టె వెనకనుంచి కాలిన దుమ్ము వాసన. ఎవరు ఏ పాటలో ఎక్కడ తప్పారో చెప్పుకుని తిట్టుకునేదీ, వచ్చే ప్రోగ్రాంకి పాటలు అనుకునేదీ, అలిగేదీ, అలక తీర్చుకునేదీ అంతా అప్పుడే. ఒకసారి తమ్ముడు టీ తెస్తానని వెళ్ళి ఎంతకీ రాలేదు. కావాలనే రాలేదని తర్వాత తెలిసింది. అలా నాకు పెళ్ళయింది.

చల్లారాక మోసుకెళ్ళడం. తమ్ముడు పొడుగు కాబట్టి కింది మెట్టు మీద, మా ఆయన పై మెట్టు మీద. "మెట్టు... మెట్టు... ఆగు... తిప్పు." ఎన్ని మెట్లు దిగారో ఆ నాలుగు మాటలతోనే దిగారు.

అంతటి స్నేహం ఒక్క మాటతో పోయింది. ఏదో కంపెనీ వార్షికోత్సవం. మొదటి పాటకు ముందే పెద్దాయనలో ఫ్యూజు కొట్టేసింది. తమ్ముడు స్టేజి వెనక మోకాళ్ళ మీద కూర్చుని విప్పుతున్నాడు. నిర్వాహకుడు వచ్చి వాచీ చూపిస్తూ ఒకటే కంగారు. మా ఆయన అతనికి సర్దిచెప్పబోయి, "ఫర్వాలేదండీ, బేసు లేకపోయినా ఎవరికీ తెలీదు" అన్నారు. తమ్ముడు వింటున్నాడు. దానికన్నా పెద్ద దెబ్బ ఏమిటంటే, బేసు లేకుండానే ప్రోగ్రాం నడిచింది, నిజంగానే ఎవరికీ తెలీలేదు. చప్పట్లు కొట్టారు. ఇంకో పాట అడిగారు.

ఆ రోజు చల్లారేదాకా కూర్చునే పని లేకపోయింది. వేడెక్కితే కదా! వెంటనే ఎత్తి, నోరు విప్పకుండా మూడంతస్తులూ ఎక్కించి మా ఇంట్లో దించారు. తమ్ముడు గిటారు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా మెట్లెక్కలేదు. ట్రూపూ ఎన్నాళ్ళో నిలవలేదు. మా ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో చెప్పే ఉద్యోగంలో కుదిరారు. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. నాతో ఫోన్లో మాట్లాడతాడు. కానీ బావ అనే మాట నోట రాదు. "ఇంటాయన ఉన్నారా?" అంటాడు, అద్దెకు గది అడగడానికి వచ్చినవాడిలా. మా ఆయనేమో వాడి పేరెత్తితే మాట మార్చి మంచినీళ్ళు అడుగుతారు. ఒకరు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, ఇంకొకరు ఆ కుందేలే నాది అనే రకం. మధ్యలో ఏళ్ళు గడిచిపోతున్నవి మాత్రం నావి.

మొన్నామధ్య మా మరదలు ఫోన్లో చెప్పింది. "ఆదివారం పూట గిటారు తీస్తాడు వదినా, తుడుస్తాడు, మళ్ళీ పెట్టేస్తాడు. పెద్దాయన లేకపోతే ఇది మూగది అంటాడు. పొద్దస్తమానం ఫోన్లో పాత ఆంపులు చూస్తుంటాడు, ఒక్కటీ కొనడు."

ఆ మాట విన్నాకే నాకు ఈ ఆలోచన వచ్చింది.

ముందు ఎవరెవరో ఫోన్లు చేశారు. అమ్మబోతే అడవి అని ఊరికే అనలేదు. ఒకాయన లోపలి సామానంతా పీకేసి చెప్పుల అర చేసుకుంటాడట. ఇంకొకాయన తూకానికి ఇస్తారా అని అడిగాడు. అందరికీ లేదు పొమ్మన్నాను. "అమ్మకానికి పెట్టి అమ్మనంటారేంటండీ?" అని ఒకడు విసుక్కుంటే, "మా ఇష్టమండీ" అని ఫోన్ పెట్టేశాను.

వారం తిరగబోతుండగా తెలియని నంబరు నుంచి ఒక మెసేజి వచ్చింది. "కుడివైపు పిడి బిగించారా?"

ఆ పిడి వదులని మోసినవాళ్ళకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? తమ్ముడే, ఇంకెవరి ఫోనో తీసుకుని అడుగుతున్నాడు. గబగబా వెళ్ళి బట్టల దొంతర పక్కకు జరిపి చూశాను. పిడికి నాలుగు కొత్త స్క్రూలు మెరుస్తున్నాయి. రోజూ దాని మీద బట్టలు పెట్టేదాన్ని నేను, ఎప్పుడు బిగించారో నాకే తెలీదు.

"బిగించారండి" అని పంపాను.

"ఎవరు?"

"ఇంటాయన."

తర్వాత, "ఆయన లేనప్పుడు వచ్చి చూస్తాను" అని వచ్చింది.

"బుధవారం నాలుగింటికి రండి. ఆయన రాత్రికి గానీ రారు" అని రాశాను. అబద్ధం. బుధవారం ఆయన అయిదింటికల్లా ఇంట్లో ఉంటారు. తోడబుట్టినవాడితో ఆ మాత్రం అబద్ధమాడే హక్కు నాకుంది.

బుధవారం వచ్చాడు. వీపున గిటారు, నుదుటిన చెమట. చెవుల పక్కన జుట్టు నెరిసింది. వాణ్ణి పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ వాడు కొనడానికి వచ్చిన మనిషిలా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఈ బిల్డింగుకి లిఫ్టు పెట్టించుకోవచ్చు కదా?" అన్నాడు రొప్పుతూ.

"ఎవరొస్తున్నారని పెట్టించుకోవాలిరా?" అన్నాను.

లోపలికి వచ్చి పెద్దాయన ముందు నిలబడ్డాడు. నీలం కుట్లను వేలితో తడిమాడు. "కింద ట్రాలీ ఆటో ఉంది. రెండో చెయ్యి ఆటో అతను వేస్తానన్నాడు. తీసుకెళ్ళిపోతా."

"వాయించి చూడకుండా ఎవరైనా కొంటారా? రేపు పనిచెయ్యలేదంటే నన్నంటావు."

"ఫ్యూజు పోయిందిగా. అందుకే తెచ్చా." జేబులోంచి కాగితం పొట్లం తీసి, పెట్టె వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫ్యూజు మూత విప్పాడు. లోపల కొత్త ఫ్యూజు ఉంది. తను తెచ్చినదాన్ని మళ్ళీ పొట్లం కట్టి, జేబులో పెట్టుకుని, స్విచ్చేశాడు.

ఎర్ర దీపం వెలిగింది. వెనక సందుల్లోంచి నారింజరంగు వెలుతురు మెల్లగా పెరిగింది. కాలిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వాసనకు నా వయసు సగం తగ్గిపోయింది.

"పెద్దాయన లేచాడు" అన్నాడు, నాతో కాదు.

మొదట ఒక్క తీగ మీటాడు. నా అరికాళ్ళకు తెలిసింది. కిటికీ అద్దం గుయ్యిమంది. తర్వాత, మా ప్రోగ్రాం ఎప్పుడూ మొదలుపెట్టే పాట ఎత్తుకున్నాడు. పాట లేదు, డ్రమ్ములు లేవు, ఉన్నది అడుగున నడిచే ఆ నడక ఒక్కటే. వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని హాయిగా ఏడ్చాను. వాడికి గడియారం గుర్తులేదు. నాకు గుర్తుంది.

మెట్ల మీద అడుగులు గబగబా వినిపించాయి. ఆయనెప్పుడూ అంత వేగంగా ఎక్కరు.

గుమ్మంలో మా ఆయన, చేతిలో టిఫిన్ డబ్బా, ఊపిరి అందడం లేదు. తమ్ముడు కళ్ళు తెరిచాడు. దొంగకు తేలు కుట్టినట్టు అయిపోయాడు. టక్కున స్విచ్చి ఆపి, వైరు పీకి, గిటారు సంచిలో పెట్టేసి, "నేను... ఇది కొనడానికి వచ్చా. తీసుకెళ్ళిపోతున్నా" అని పిడి పట్టుకున్నాడు.

"వేడిగా ఉందిరా" అన్నాను.

వాడు నా వంక చూశాడు. అప్పటికి అర్థమైంది వాడికి. "అక్కా, నువ్వు..." అని ఆగిపోయాడు. పిడి వదిలేశాడు. ఎంత కోపమున్నా, వేడి మీద పెద్దాయన్ని కదిపేవాడు కాదు వాడు.

తమ్ముడు స్టూలు మీద, మా ఆయన మంచం అంచున ఇస్త్రీ బట్టల పక్కన, నేను గుమ్మంలో. పెట్టెలో ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. మా ఆయన మైకు ఆన్ చేసే ముందు సవరించుకున్నట్టు గొంతు సవరించుకున్నారు. ఇంకోసారి సవరించుకున్నారు.

"కింద పళ్ళబండి దాకా వినిపించింది" అన్నారు.

తమ్ముడు తల ఎత్తలేదు. "ఏం వినిపించింది?"

"బేసు."

"పాట లేకుండా బేసొక్కటే వింటే ఎవరికేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. మన మొదటి పాట. రెండో చరణానికి ముందు నువ్వు ఒక తాళం ఆగి దెబ్బ వేస్తావు. అది పడితే గానీ నేను ఎత్తుకోను. ఎప్పుడూ అంతే." మా ఆయన టిఫిన్ డబ్బా మూత తిప్పుతూ ఉన్నారు. "ఆ కంపెనీ ప్రోగ్రాంలో ఆ దెబ్బ కోసం ఆగాను. రాలేదు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలీలేదు. తర్వాత పాటలన్నీ చీకట్లో మెట్లు దిగినట్టే పాడా. బేసు లేదని అక్కడ ఎవ్వరికీ తెలీలేదురా. నాకు తెలిసింది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబుదామనే ఉన్నా. ఆ రోజు కూర్చోలేదుగా మనం."

తమ్ముడు అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. చెమట అనుకోమన్నట్టు తుడుచుకున్నాడు. నేను అలాగే అనుకున్నాను. వెళ్ళి టీ పెట్టాను. నీళ్ళు మరిగినా తొందరగా బయటికి రాలేదు. ఆ విద్య వాడి దగ్గర నేర్చుకున్నదే.

వచ్చేసరికి తమ్ముడు పెట్టె వెనక చెయ్యి పెట్టి చూస్తున్నాడు. "చల్లారింది బావా" అన్నాడు.

బావ అన్నాడు. టీ ఒలకకుండా పెట్టడానికి నాకు చాలా కష్టమైంది.

"కొనడమేంటి, నీదాన్ని నువ్వు" అని మా ఆయన చొక్కా చేతులు మడిచారు. ఆటో అతన్ని పిలవనే లేదు. "మెట్టు... మెట్టు... ఆగు... తిప్పు." రెండో అంతస్తులో గోడకు రాసుకుంటే నీ వల్లంటే నీ వల్లని దెబ్బలాడుకున్నారు. తలుపులు తీసి చూసిన ఇరుగుపొరుగువాళ్ళకు ఏదో గొడవ అనిపించి ఉంటుంది. నాకు మాత్రం చెవులకు పండగగా ఉంది.

ఆటోలో పెద్దాయన్ని ఎక్కించాక మా ఆయన కూడా ఎక్కారు.

"మీరెక్కడికి?" అన్నాను.

"అక్కడ దించాలంటే రెండో మనిషి ఉండాలి కదా."

"దించాక వచ్చేస్తారా?"

"ఒక పాట వాయించి చూడాలిగా అక్కా" అన్నాడు తమ్ముడు.

"వాయించాక చల్లారాలి" అన్నారు మా ఆయన.

"అక్కడే ఉండేదానికి చల్లారేదాకా కూర్చోవడమెందుకండీ? మళ్ళీ ఎత్తేది లేదుగా?"

ఇద్దరూ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశారు. "పక్కన కూర్చోమనే కదా ఆ ముసలాయన చెప్పింది" అన్నారు మా ఆయన.

అప్పుడు గుర్తొచ్చింది, గిటారు వైరు పడగ్గది నేల మీదే వదిలేశారు. ఎప్పుడూ అంతే వీళ్ళు. మళ్ళీ మూడంతస్తులూ ఎక్కి, వైరు చేతికి చుట్టుకుని, స్టవ్వు ఆపానో లేదో చూసుకుని, తలుపుకు తాళం వేసి దిగాను.

ఆటో కదల్లేదు. పెద్దాయనకు అటు ఒకరు ఇటు ఒకరు చెరో పిడీ పట్టుకుని, ముందు పక్క నాకు చోటు వదిలి కూర్చున్నారు.