అందరిదీ ఒకే మాట

ఆమె తన భర్త నీలం చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా ప్రింటింగ్ ప్రెస్సు యజమాని ఫోను చేశాడు. రేవు వీధి గురించి తను రాసిన పుస్తకం ప్రూఫులు సిద్ధమయ్యాయేమోనని ఆమె సంబరంగా ఎత్తింది. ఆయన గొంతు మాత్రం రోగిని పరామర్శించేవాడి గొంతులా ఉంది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా? ప్రూఫులు మేమే చూసుకుంటాంలెండి. పొయ్యి మీద గిన్నె పెట్టి ప్రపంచాన్నే మర్చిపోతే ఎలా? పాపం, బుర్రకి కాస్త విశ్రాంతి కావాలి."

"నాకేం లేదండీ. బాగానే ఉన్నాను."

"అలాగే అంటారు లెండి," అన్నాడాయన ఎంతో దయగా.

ఈలోగా కాలరు కమిలింది. వాసన ముందు గది దాకా వెళ్లే ఉంటుంది, అక్కడ కూర్చున్న అత్తగారు తలెత్తి చూసింది కూడా. ఏమీ అనలేదు. ఎప్పుడూ అనే మనిషి అనకపోయేసరికి ఆమెకు భయమేసింది.

గిన్నె మాడిన మాట నిజమే, ఒక్కసారి. ఈ ఇంట్లో గిన్నె మాడ్చనిది ఎవరు కనక? అత్తగారు మాడ్చినవన్నీ తోమింది ఈమే. అప్పుడు ఎవరి బుర్రకీ విశ్రాంతి అవసరం పడలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో తనకంటూ దొరికింది ఈ రాత పనొక్కటే. మొదట పత్రికలకు వ్యాసాలు, తర్వాత ఊరి పాత వీధుల మీద సన్నపాటి పుస్తకాలు. ముసలివాళ్ల గుమ్మాల్లో చతికిలబడి "ఆ తర్వాత?" అని అడుగుతుంటే ఆకలి తెలిసేది కాదు. ఇంటికొచ్చి అంట్లు తోముతూ వాక్యాలు కూర్చుకునేది. దాచుకోవడం ఎందుకు, పట్టలేనంత సంతోషంగా ఉండేది. భర్త కూడా మొదట్లో "కాలక్షేపానికి బావుంటుందిలే," అనేవాడు. ఈమధ్య ఆఫీసులో కొత్త మేనేజరు "రచయిత్రిగారి భర్త మీరేనా?" అంటూ చెయ్యి కలిపాడట. ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు. ఆ పూట మాత్రం సగం కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు లైబ్రరీకి వెళ్లింది. అక్కడ పనిచేసే అమ్మాయి పాత పత్రికల బీరువా తాళం చేతిలో పట్టుకుని, తియ్యకుండా, కుర్చీ చూపించింది. "కూర్చోండక్కా. పొయ్యి మీద గిన్నె పెట్టి ప్రపంచాన్నే మర్చిపోతే ఎలా? పాపం, బుర్రకి కాస్త విశ్రాంతి కావాలి."

ఇంటికొస్తే కూతురు పెన్సిలు చెక్కుకుంటూ అదే పాట. "రేపట్నుంచి నా టిఫిను డబ్బా నేనే సర్దుకుంటానమ్మా. పొయ్యి మీద గిన్నె పెట్టి ప్రపంచాన్నే మర్చిపోతే ఎలా? పాపం, బుర్రకి కాస్త విశ్రాంతి కావాలి."

"ఎవరన్నారే ఆ మాట?"

"ఎవరూ అనలేదు. అందరికీ తెలుసుగా."

ఆమెకు పుస్తకం రాస్తున్నప్పటి సంగతొకటి గుర్తొచ్చింది. రేవులో పడవ మునిగిన వైనం రాసేటప్పుడు ఒకావిడ పొద్దున మునిగిందంది, ఇంకొకాయన సాయంత్రమన్నాడు, పడవ రంగు దగ్గర కూడా ఇద్దరికీ కుదరలేదు. వాళ్లు కళ్లారా చూసినవాళ్లు. మరో ముగ్గురు మాత్రం "తప్పంతా గాలిదే, పడవ యజమాని దేవుడిలాంటివాడు" అని పొల్లుపోకుండా ఒకే మాట చెప్పారు. ఆరా తీస్తే, ఆ యజమాని మనిషే ఇల్లిల్లూ తిరిగి నేర్పి వెళ్లాడని తేలింది. చూసినవాళ్ల మాటలు ఒక పట్టాన కలవవు. నేర్పిన మాటలే అచ్చు గుద్దినట్టు కలుస్తాయి.

ఆ సాయంత్రం భర్త బూట్లు విప్పుతూ, "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను మాట్లాడి పెట్టాను," అన్నాడు.

"నాకేం జబ్బని?"

"ఉన్నట్టు తెలియకపోవడమే నీ జబ్బు," అన్నాడు మెత్తగా.

"వాడు నీ మంచికే చెప్తున్నాడమ్మా," అంది అత్తగారు. "మందులేసుకుని హాయిగా పడుకో. నీ కాగితాలన్నీ అటక మీద పెట్టించాను."

గదిలోకి వెళ్లి చూస్తే బల్ల మీద ఒక్క కాగితమూ లేదు. దాని మీద మడతపెట్టాల్సిన బట్టలు పోసి ఉన్నాయి. అరిస్తే పిచ్చి ముదిరిందంటారు, ఏడిస్తే నరాల బలహీనత అంటారు, నవ్విందా ఇంక చెప్పక్కర్లేదు. ఆమె బట్టలు మడతపెట్టింది.

మర్నాడు డాక్టరమ్మ కలం మూత తీసి, ఆమెను కాకుండా ఆమె భర్తను చూసి "చెప్పండి," అంది. అతను భార్య కుర్చీ వీపు మీద చెయ్యి వేసి గొంతు సవరించుకున్నాడు.

"పొయ్యి మీద గిన్నె పెట్టి..."

"ప్రపంచాన్నే మర్చిపోతే ఎలా? పాపం, బుర్రకి కాస్త విశ్రాంతి కావాలి," అని ఆమె పూర్తి చేసింది.

రాయబోతున్న కలం ఆగింది.

"నేను ఈయన నీలం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ప్రెస్సాయన ఫోనులో అన్నారు, డాక్టరుగారూ. మర్నాడు లైబ్రరీలో అమ్మాయి అంది, బీరువా తాళం చేతిలో పట్టుకుని. ఆ తర్వాత మా పాప, పెన్సిలు చెక్కుకుంటూ. ఒక్క అక్షరం తేడా లేదు. మర్చిపోయే మనిషిని కదా, తప్పుంటే ఈయన్నే దిద్దమనండి."

అతను తలుపు వైపు చూశాడు. డాక్టరమ్మ కాగితం పక్కకు నెట్టి మొదటిసారి ఆమె వైపు తిరిగింది.

"మీరేం చేస్తుంటారు?"

"పుస్తకాలు రాస్తాను," అంది ఆమె. "ఇప్పుడు మొదలుపెట్టేది మా ఇంటి గురించి."

కుర్చీ వీపు మీది చెయ్యి మెల్లగా తొలగింది.