రద్దీ వేళ టికెట్టు

ఆ కుట్టుపని షాపుకి ఇద్దరు యజమానులు. ఇద్దరూ తోడికోడళ్ళే. పనివాళ్ళు పెద్దావిడని పెద్దక్క అనీ, చిన్నావిడని చిన్నక్క అనీ పిలిచేవారు. వాళ్ళ భర్తలు, అన్నదమ్ములిద్దరూ, లారీలేసుకుని దూరాలు తిరిగే మనుషులు. ఇంట్లో ఉండే రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. కింద షాపు, పైన ఇల్లు. హోటళ్ళకీ ఆసుపత్రులకీ బడులకీ యూనిఫారాలు కుట్టివ్వడం వాళ్ళ వ్యాపారం. బట్ట కత్తిరించడం, పనివాళ్ళ మంచిచెడ్డలు చూడడం పెద్దక్క వంతు. ఆర్డర్లు తేవడం, బేరాలాడడం, గడువుకి సరుకు పంపడం చిన్నక్క వంతు. గడువంటే చిన్నక్కకి ప్రాణం. ఫోన్లో "మంగళవారం ఇచ్చేస్తాం" అందంటే ఇచ్చి తీరాల్సిందే; తేడా వస్తే ఆ పూట ఆవిడ ఎదుట పడడానికి అందరూ జంకేవారు.

అలాంటి మనిషికి ఆ ఏడాది వానలు తగ్గేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున ఎనిమిదిన్నరకల్లా హోరెత్తాల్సిన మిషన్లు పది కావస్తున్నా సగం మూగగానే ఉండేవి. గుండీల పని వెనకబడేది, దాంతో ఇస్త్రీ వెనకబడేది, సరుకు కోసం వచ్చిన హోటలు బండి గుమ్మంలో హారను కొట్టేది.

కారణం అందరికీ తెలిసిందే. రైళ్ళవాళ్ళు కొత్తగా రద్దీ వేళ ఛార్జీ పెట్టారు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు రైలెక్కితే టికెట్టు ఇంచుమించు రెండింతలు. మిగతా వేళల్లో పాత ధరకన్నా కాస్త చవక. షాపులో పనిచేసేవాళ్ళంతా నది అవతలి కాలనీల నుంచి రైల్లో వచ్చేవాళ్ళే. కొందరు చవక వేళ మొదలయ్యే దాకా ఆగి ఆలస్యంగా వస్తున్నారు. అందరికన్నా పాత మనిషి, కాజాలు కుట్టే పిన్ని, మాత్రం వేళకే వచ్చేది. కానీ ఏమైందో, మిషను ముందు కూర్చున్న కాసేపటికే ఆవిడ తల వాలిపోయేది. ఒకరోజు సూది వేలికి దిగి, తెల్లటి కోటు మీద నెత్తురు మరక పడింది.

ఆ సాయంత్రం పైన వంటింట్లో చిన్నక్క గిన్నె దబ్బున పెట్టింది.

"రేపట్నుంచి తొమ్మిదికి తలుపులు మూసేస్తానక్కా. తర్వాత వచ్చినవాళ్ళకి సగం కూలే. చెప్పి చూశాం, బతిమాలాం, ఇంకేం మిగల్లేదు."

"అంత మాట అప్పుడే అనకు. ముందు వెళ్ళి చూద్దాం" అంది పెద్దక్క.

"చూడ్డానికేముంది? టికెట్టు పెరిగింది, ఎక్కువ పెట్టి కొనుక్కుని రావాలి. కూరగాయల ధర పెరిగిందని తిండి మానేస్తామా?"

"మానెయ్యం. ఇంకో కూర కొనుక్కుంటాం. వాళ్ళకి ఇంకో కూర ఉందో లేదో చూద్దామనే అంటున్నా. పొద్దున నాతో వస్తావా, రావా?"

పెద్దక్క గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ వినలేదు. అడగడం మాత్రం అలా అడుగుతుంది, కాదనడానికి నోరు రాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రైలెక్కి అటువైపు బయల్దేరారు. ఊళ్ళోకి వచ్చే రైళ్ళు నిండుగా ఉన్నాయి గానీ, ఊరి బయటికి పోయే రైలు ఖాళీగా ఉంది. చిన్నక్క కిటికీ పక్కన కూర్చుని, హోటలు మేనేజరుకి ఏ సాకు చెప్పాలా అని ఆలోచిస్తోంది. రైలు వంతెన ఎక్కింది. పట్టాల పక్కనే మనుషులు నడిచే ఇరుకు దారి ఉంది. ఆ దారిన, ఎదురుగాలికి తల వంచుకుని, సంచీ చంకలో ఇరికించుకుని ఒక ముసలామె ఊరివైపు నడిచి వస్తోంది. రైలు దగ్గరికొచ్చాక చిన్నక్క పోల్చుకుంది. కాజాల పిన్ని.

"అక్కా, పిన్ని! నడిచొస్తోంది!"

పెద్దక్క లేచి చూసేలోపే రైలు దాటిపోయింది. చిన్నక్క అద్దానికి ముఖం ఆనించి వెనక్కి చూస్తూనే ఉంది. నిన్న మధ్యాహ్నం తానే ఆ ముసలామెని "పిన్నీ, నిద్రపోవాలంటే ఇంట్లోనే పడుకో" అని అందరి ముందూ కసిరింది. ఆ మాట గుర్తొచ్చి ముఖం కందిపోయింది.

కాలనీ స్టేషన్ బయట మెట్ల నిండా జనం కూర్చుని ఉన్నారు. టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని, గోడ గడియారం ముల్లు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నారు. గేటు తెరిచే ఉంది. రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. కూర్చున్నవాళ్ళు కదలడం లేదు. వాళ్ళలో తమ షాపులో కాలర్లు కుట్టే అమ్మాయి ఉంది. పక్కనే ఇంకో ముగ్గురు ఉన్నారు. చిన్నక్కని చూడగానే నలుగురూ దొంగతనం బయటపడ్డట్టు గతుక్కుమని లేచి నిలబడ్డారు.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అంటూ పెద్దక్క వెళ్ళి వాళ్ళ పక్కన మెట్టు మీదే కూర్చుంది. "ఎప్పట్నించి ఉన్నారు ఇక్కడ?"

కాలర్ల అమ్మాయి నేల చూపులు చూసింది. "పిల్లాణ్ణి బళ్ళో దింపి ఇటే వచ్చానక్కా. ఇంటికి వెళ్ళి రావడానికి టైం చాలదు. ఇప్పుడెక్కితే రోజు కూలిలో పెద్ద ముక్క టికెట్టుకే పోతుంది."

చిన్నక్క ఇన్నాళ్ళూ వీళ్ళు ఇంట్లో బద్ధకంగా దొర్లి వస్తున్నారనుకుంది. షాపుకి రావాలనే వీళ్ళు పొద్దున్నే వచ్చి స్టేషన్ మెట్ల మీద పడిగాపులు కాస్తున్నారు.

పెద్దక్క లేచి స్టేషన్ మాస్టరు గదివైపు నడిచింది. "తిట్టి వస్తుందేమో" అని చిన్నక్క వెంటబడింది. అక్క తిట్టడం చూడాలని ఆవిడకెప్పట్నించో కోరిక.

మాస్టరు నడివయసు మనిషి. జుట్టు చెదిరి, మెడలో విజిలు వేలాడుతోంది. పెద్దక్క అడిగింది తిట్టు కాదు, ప్రశ్న: "బాబూ, ఈ ఛార్జీ ఎందుకు పెట్టారో కాస్త చెప్తారా? నాకు నిజంగానే తెలీదు."

ఆయనకి అలా అడిగినవాళ్ళు అప్పటిదాకా తగిలినట్టు లేదు. కుర్చీలు జరిపి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"పోయినేడు ఈ ప్లాట్‌ఫాం మీదే, తోపులాటలో ఒక పెద్దాయన పట్టాల మీద పడ్డాడమ్మా. పైకి లాగినవాళ్ళలో నేనూ ఉన్నా. ఇంకా పెట్టెలు తగిలించమంటారు జనం. ఆ పెట్టెలు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తిరిగి మిగతా రోజంతా షెడ్డులో పడుంటాయి. వాటి ఖర్చెవరు భరిస్తారు? కాస్త వెనకాముందు రాగలిగినవాళ్ళు అలా వస్తే అందరూ క్షేమంగా వెళ్తారు. మా ఉద్దేశం అదే. ఈ ధర పెట్టాక నిజంగానే ఊపిరాడుతోంది."

"అదీ నిజమే" అంది పెద్దక్క. ఆ ఒప్పుకోలుకి చిన్నక్క ఉలిక్కిపడి చూసింది. పెద్దక్క ఇంకా అడుగుతోంది: "మరి వెనకాముందు రాగలిగినవాళ్ళంటే ఎవరు బాబూ?"

"అది వాళ్ళ యజమానుల్ని అడగాలమ్మా. పనివేళలు పెట్టేది వాళ్ళు. నేనేం చేయగలను?"

"యజమానిని నేనే."

మాస్టరు కంగారుపడ్డాడు. "క్షమించండి, నేను..."

"క్షమించడానికేముంది? మంచిమాట చెప్పారు" అని లేచి, ఆయనకి దణ్ణం పెట్టి బయటికొచ్చింది. చిన్నక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోట్లాటకి వెళ్ళి తప్పు నెత్తినేసుకుని వచ్చే మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు.

ఆ మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపించింది పెద్దక్క. కత్తిరింపు బల్ల చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి, టీ పోయించి, ఒక్కొక్కరినీ అడిగింది: నీకు ఏ వేళ కుదురుతుంది, ఇంటి దగ్గర ఎవరున్నారు, సాయంత్రం ఎప్పటికి చేరాలి. "ఇలా చేద్దాం" అని మొదలుపెడుతుందనుకుంది చిన్నక్క. అడగడం పూర్తయ్యేదాకా పెద్దక్క తన మాట బయటపెట్టలేదు. చివరికి తేలింది ఇది: ఏడున్నరకి ముందే రైలెక్కి వచ్చి, సాయంత్రం రద్దీ మొదలవకముందే వెళ్ళిపోయే పొద్దుటి జట్టొకటి, తొమ్మిదిన్నర తర్వాత ఎక్కి వచ్చి, ఏడు దాటాక వెళ్ళే పగటి జట్టొకటి. కాజాల పిన్ని పొద్దుటి జట్టు ఎంచుకుంది. "ముసలిదాన్ని, నాకెలాగూ చీకటితోనే మెలకువ వచ్చేస్తుంది" అంది.

కాలర్ల అమ్మాయికి ఏ జట్టూ కుదర్లేదు. పొద్దున బడి ఉంది, సాయంత్రం పిల్లాణ్ణి చూసేవాళ్ళు లేరు. ఆవిడ పగటి జట్టుతో వచ్చి, నాలుగింటికి వెళ్ళిపోయేలా, మిగిలిన కాలర్లు ఇంటికి పట్టుకెళ్ళి కుట్టేలా ఏర్పాటైంది.

ఇస్త్రీ ఆయన దగ్గర అందరూ ఆగిపోయారు. ఆయన భార్యకి మూత్రపిండాలు పాడై, వారంలో కొన్ని రోజులు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడివాళ్ళిచ్చిన వేళ సరిగ్గా రద్దీలోనే. దాన్ని మార్చమని అడిగితే కుదరదన్నారు.

"మీ ఇద్దరి టికెట్టు తేడా షాపు పెట్టుకుంటుంది" అంది పెద్దక్క.

గదిలో కళ్ళన్నీ చిన్నక్క వైపు తిరిగాయి. డబ్బు సంచీ ఆవిడ చేతిలో ఉంటుంది మరి.

"నన్నేం చూస్తారు? అక్క చెప్పిందిగా" అంది చిన్నక్క. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడా నవ్వేసింది.

నిర్ణయం ఒక పూటలో అయిపోయింది గానీ నడపడానికి చుక్కలు కనిపించాయి. పొద్దుటి జట్టు కోసం ఏడు కాకముందే తలుపు తీయాలి, పగటి జట్టు వెళ్ళాక గానీ మూయడానికి లేదు. మొదటి రెండు వారాలు ఆ రెండు పనులూ పెద్దక్కే చేసింది. రోజంతా కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి కాళ్ళు బూరెల్లా పొంగేవి. పైకి వచ్చి, వేణ్ణీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని, "చిన్నా, ఇవాళ మరక ఒక్కటీ పడలేదు, చూశావా?" అని సంబరపడేది. ఇంత ఒళ్ళు హూనమైనా ఆ ముఖంలో వెలుగెక్కడిదా అని చిన్నక్క ఆశ్చర్యపోయేది. మూడోవారం నుంచి, ఎవరూ అడక్కుండానే, పొద్దుటి తాళంచెవి తను తీసుకుంది.

హోటలు మేనేజరుతో మాత్రం యుద్ధమే జరిగింది.

"మాకు మీ రైళ్ళ గొడవ అనవసరం. ఎనిమిదిన్నరకి అందరూ పన్లో ఉంటేనే ఆర్డరు" అన్నాడాయన ఫోన్లో.

"మీకు కావల్సింది మా మనుషులా, మీ చొక్కాలా?" అంది చిన్నక్క. "చొక్కాలైతే ఇదివరకు పదింటికి వచ్చేవి, ఇప్పుడు తొమ్మిదికే ఇస్త్రీ చేసి పంపిస్తా. ఒక్క వారం చూడండి. నచ్చకపోతే నేనే ఇంకో షాపు చూపిస్తాను."

ఆయన చూశాడు, మాట్లాడకుండా ఆర్డరు పెంచాడు. ఒక బడివాళ్ళు మాత్రం వినలేదు, ఆర్డరు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ నష్టం చిన్నది కాదు. చిన్నక్క రెండు రోజులు ముభావంగా తిరిగింది. అయినా ఆ బడి పేరెత్తి అక్కని ఒక్క మాట అనలేదు.

షాపు పనివేళలు మార్చిన సంగతి స్టేషన్ మాస్టరు చెవిన పడింది. ఛార్జీల మీద జనం అభిప్రాయాలు వినడానికి రైళ్ళవాళ్ళు టౌన్‌హాల్లో సభ పెడుతుంటే, ఆయనే షాపుకొచ్చి ఇద్దర్నీ పిలిచి వెళ్ళాడు. సభలో చెవులు చిల్లులు పడుతున్నాయి. షాపుల యజమానులు "దోపిడీ!" అని అరుస్తున్నారు. పైన కూర్చున్న అధికారులు కాగితాల్లో తలలు దూర్చారు. పెద్దక్క పేరు పిలిచారు. ఆవిడ చిన్నక్క మోచేతిని పొడిచింది.

"నువ్వు లే. నాకు ఇంతమందిలో కాళ్ళు వణుకుతాయి."

"నేనా? ఇదంతా చేసింది నువ్వు!"

"చెప్పడం నీకొచ్చు. లే మరి."

చిన్నక్క లేచింది. మైకు ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. వంతెన మీద పిన్ని సంగతి చెప్పింది. సగం కూలి కోస్తానన్న తన మాటా దాచలేదు. హాల్లో అరుపులు ఒక్కొక్కటే తగ్గాయి. అంతా విని, పెద్ద అధికారి అద్దాలు పైకి తోసుకుని అడిగాడు: "అయితే ఈ ఛార్జీ న్యాయమంటారా, అన్యాయమంటారా?"

"వేళ ఎంచుకోగలిగినవాళ్ళకి న్యాయమేనండి. ఎంచుకోలేనివాళ్ళకి జరిమానా. మా షాపులో ఆ ఎంపిక మా చేతిలో ఉండేది. మా అక్క దాన్ని తీసి పనివాళ్ళ చేతిలో పెట్టింది. ఇక్కడ అరుస్తున్న యజమానులందరూ ఆ పని చెయ్యొచ్చు, చేసి ఆ తర్వాత అరవొచ్చు." వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. "కానీ మా ఇస్త్రీ ఆయనకి టికెట్టు తేడా ఇవ్వడం తప్ప మేమేం చేయలేకపోయామండి. జబ్బుకి వేళ మార్చలేం కదా. అలాంటివాళ్ళ దగ్గర రెండింతలు తీసుకుంటే మీ రైలు ఖాళీ అవదు, వాళ్ళ జేబు ఖాళీ అవుతుంది. అది మాత్రం అన్యాయం."

చప్పట్లు ఎంతసేపు మోగాయో చిన్నక్కకి తెలియలేదు. ఆవిడ చూపంతా మూడో వరుసలో కూర్చున్న పెద్దక్క మీదే ఉంది. పెద్దక్క చప్పట్లు కొట్టడం లేదు. తన బిడ్డ పాఠం అప్పజెప్పినట్టు, రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని చూస్తోంది.

రద్దీ ఛార్జీ పోలేదు. చలికాలం వచ్చేసరికి, ఆసుపత్రికి వెళ్ళే రోగులకీ వాళ్ళ వెంట వెళ్ళేవాళ్ళకీ ఏ వేళైనా చవక ధరకే టికెట్టు ఇవ్వాలని ఉత్తర్వొచ్చింది. షాపు ఉన్న వీధిలోనే ఒక అచ్చాపీసూ, ఒక అట్టపెట్టెల కంపెనీ కూడా పనివేళలు మార్చాయి. మిగతావాళ్ళు మార్చలేదు, స్టేషన్ మెట్ల మీద ఇంకా కొందరు కూర్చునే ఉన్నారు. ఆ వైపు వెళ్ళినప్పుడల్లా చిన్నక్క వాళ్ళ దగ్గర ఆగి, ఎక్కడ పనిచేస్తారో అడిగి తెలుసుకుంటుంది. తర్వాత ఆ యజమానికి ఫోన్ చేస్తుంది. "మా అక్క ఏం చేసిందో చెప్తాను, ఒక్క నిమిషం వినండి" అని మొదలుపెడుతుంది. కొందరు వింటారు, కొందరు పెట్టేస్తారు. పెట్టేసినవాళ్ళకి మర్నాడు మళ్ళీ చేస్తుంది.