అండాలమ్మ చేతినీడ

పొద్దున్నే చాయ్ తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, అండాలమ్మ కారు ముందు సీట్లో కూర్చునేది. ఎండకు డ్యాష్‌బోర్డు కాలుతుందని దాని మీద ఒక పాత తువ్వాలు పరిచి ఉంచేవారు. ఆమె ఆ తువ్వాలు మీద అరచేతిని చిటికెనవేలి అంచున నిలబెట్టేది. స్టీరింగు పట్టుకున్న మనిషి పోవలసిన చోటు పైకి చెప్పాలి. చెప్పగానే ఆమె చేతినీడ, సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడన్నది లెక్కచేయకుండా, ఆ చోటున్న వైపుకు పడేది. మలుపు రాబోతుంటే నీడ ముందే తిరిగేది. చోటు చేరాక మెల్లగా చేతి కిందికి ముడుచుకొని మాయమయ్యేది. అప్పుడు బ్రేకు వేసేవారు.

అండాలమ్మకు స్వయంగా దారులేవీ తెలియవు. కూరగాయలకు పోయి సందు తప్పి, ఎవరో చెయ్యిపట్టి ఇంటికి చేర్చిన సందర్భాలు లేకపోలేదు. నీడ ఆమెది, అంతవరకే. కారు నడిపేవాళ్ళలో ఒకడైన సాంబమూర్తి దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు గనక తొలిరోజుల్లో ఒక దిక్సూచి కొని తెచ్చి, కొన్నాళ్ళపాటు నీడను దానితో సరిచూశాడు. సరిపోయింది. ఆ తరువాత దిక్సూచిని సొరుగులో పడేశాడు.

బిక్షమయ్య అండాలమ్మ కొడుకు. సాంబమూర్తి అతని భాగస్వామి. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో ఇద్దరూ కలిసి రెండు కార్లు కిరాయికి నడిపేవారు. బిక్షమయ్యది టవేరా, సాంబమూర్తిది తెల్ల ఇండికా. తూర్పు జిల్లాల బస్సులు దిగినవాళ్ళు చేతిలో చీటీ పట్టుకొని వచ్చేవారు. ఆ చీటీలోని కాలనీ పేరు నిన్నమొన్న పెట్టినదై ఉండేది, లేదా అదే పేరుతో మరో మూడు కాలనీలుండేవి. అటువంటి చోట్లకు అండాలమ్మ లేనిదే కారు కదిలేది కాదు.

ఇద్దరి ఇళ్ళూ అల్మాస్‌గూడలోనే. ఆ ఊరి పేరుకు ఎవరో నవాబును కారణం చెప్పేవారున్నారు గాని ఆధారం చూపినవారు లేరు. బిక్షమయ్యది పాత ఊళ్ళో, ముందు వాకిలున్న ఇల్లు. సాంబమూర్తిది కొత్త కాలనీలో డాబా. గుంటూరు నుంచి వచ్చి అతడు కట్టుకున్న ఆ డాబా కింది నేల ఒకప్పుడు అండాలమ్మ ఆముదాల చేను.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. రెండు కార్లకూ ఒకేసారి పిలుపులు రాసాగాయి. ఉన్నది ఒక్క అండాలమ్మ. పైగా ఆమె కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి, మోకాళ్ళు కారెక్కనివ్వడం లేదు. మబ్బుపట్టిన రోజున నీడ పలచబడేది, పొద్దు గుంకితే అసలే పనికిరాదు. ఉపగ్రహాలతో దారి చూపే యంత్రమొకటి కొని, రెండు కార్లకూ ఉమ్మడిగా వాడుకుందామని ఇద్దరూ అనుకున్నారు.

సాంబమూర్తి మనసులో మరో సంగతి ఉంది. అది అతని భార్య లలితకుమారికి తప్ప ఎవరికీ తెలియదు. బిక్షమయ్య కొడుకు ఆకాశ్ ఎల్బీ నగర్ దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాడు. ఒకరోజు అతడు రెండు కార్ల నంబరు ప్లేట్ల మీదా ఏపీ అన్న అక్షరాలు మూసేసి టీజీ స్టిక్కర్లు అంటించాడు. రాళ్ళు పడకూడదన్నదే అతని ఆలోచన. అడగాలని తోచలేదు, సొంతవాళ్ళ కారే గదా. ఇండికా మీది స్టిక్కరు వంకరగా పడింది. సాంబమూర్తి దాన్ని చూశాడు. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం గుంటూరు నుంచి అన్న గంగాధరరావు ఎప్పటిలాగే ఫోను చేసి, "ఇంకా అక్కడేం చూసుకొని ఉన్నావురా, ఇల్లు అమ్మేసి వచ్చెయ్యి" అన్నప్పుడు, ఎప్పటిలా కొట్టిపారేయక, "చూస్తాను" అన్నాడు. వారం తిరగకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మధ్యవర్తి కొనేవాణ్ణి కుదిర్చాడు. గురువారం పొద్దున బయానా డబ్బు పుచ్చుకోవాలి.

"బిక్షమయ్యగారికి చెప్పారా?" అని అడిగింది లలితకుమారి.

"చెబుతాను."

"ఎప్పుడండీ? సామాను లారీ ఎక్కాకా?"

అతడు కారు తాళాలు తీసుకొని బయటికి పోయాడు.

సోమవారం ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు మూడు రకాలు చూపించాడు. మొదటిది డ్యాష్‌బోర్డులో బిగించేది. తెర పెద్దది, కాని ఒక కారుకు బిగిస్తే రెండో కారుకు అక్కరకు రాదు. రెండోది ఫోనులో వాడుకునే పటం. సిగ్నల్ లేనిచోట అది మూగబోతుంది, ఊరవతలి కాలనీల్లో సిగ్నల్ ఉండదు. మూడోది అరచేతి పాటిది. పటాలన్నీ దానిలోనే ఉంటాయి, రబ్బరు మూతితో ముందు అద్దానికి అతుక్కుంటుంది, పీకి మరో కారులో పెట్టుకోవచ్చు.

"నాలుగు శాటిలైట్లు అందితే చాలు సార్, మీరెక్కడున్నారో కరెక్టుగా చెప్తది" అన్నాడు దుకాణదారు.

"నాలుగు గావాల్నా? మా అమ్మకు ఒక్క సూర్యుడు సాలు" అన్నాడు బిక్షమయ్య.

"పెద్దమ్మ నీడ సంగతి ఎరికే సార్, వానాకాలం కష్టం గద."

"గది నిజమే అనుకో."

సాంబమూర్తి పరీక్ష మొదలుపెట్టాడు. యంత్రం ఒకటే అయినా, అద్దానికి పెట్టే కొక్కెం, ఛార్జింగు తీగ రెండు కార్లకూ వేరువేరుగా ఉండాలన్నాడు. లేకపోతే తీగ ఒక కారులోనూ యంత్రం మరో కారులోనూ ఉండిపోతాయి. పటం ఏ సంవత్సరానిదని అడిగాడు. కిందటి ఏటిదంటే, అల్మాస్‌గూడలో తమ సందు వెతికించి, ఉందని తేలాక గాని ఒప్పుకోలేదు. దుకాణదారు తెలుగు గొంతు వినిపించాడు. "వంద మీటర్ల తరువాత ఎడమవైపుకు తిరగండి" అంది యంత్రం.

"గీమె మీ గుంటూరు మనిషే సారూ" అన్నాడు బిక్షమయ్య. "మా దిక్కు తీర్గ, ఎడమ పక్కకు మల్లు అనేటామె లేదా?"

"తిరగండి అంటే మర్యాదగా ఉంటుంది. మల్లు అంటే కిరాయికి ఎక్కినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటరు? మల్లాలె అనుకుంటరు."

సాంబమూర్తి నవ్వు ఆపుకున్నాడు. ఇట్లా చాలాసేపు గడిచింది. చివరికి దుకాణదారు తెర మీద ఒక గుర్తు తెరిచి, "హోమ్ ఏది పెట్టమంటారు సార్? వేరే జాగలు ఎన్నైనా దాచుకోవచ్చు. ఇల్లు మాత్రం ఒక్కటే పెట్టనిస్తది. ఎక్కడున్నా ఈ బొమ్మ నొక్కితే ఇంటికి తోలుకపోతది" అన్నాడు.

బిక్షమయ్య కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు. పోట్లాటకు అసలైన చోటు ఇదేనని అతనికి తెలుసు. తన వాదనలు కూడా సిద్ధం చేసుకున్నాడు. పాత ఊరు ముందు పుట్టింది. అండాలమ్మ ఉండేది తన ఇంట్లో.

"బిక్షమయ్య ఇల్లే పెట్టవయ్యా" అన్నాడు సాంబమూర్తి.

దుకాణదారు పెట్టేశాడు.

బిక్షమయ్య తిరిగి సాంబమూర్తి వైపు చూశాడు. చాయ్ గ్లాసు అంచు పగిలితే హోటలువాడితో వాదించే మనిషి. పెట్రోలు బంకులో మీటరు సున్నాకు రాలేదని వెనకున్న బళ్ళన్నింటినీ ఆపిన మనిషి. ఇల్లు అనే గడిని ఒక్క మాట లేకుండా వదిలేశాడు. అప్పుడు బిక్షమయ్యకు వంకర స్టిక్కరు గుర్తొచ్చింది. దాని గురించి కూడా సాంబమూర్తి ఒక్క మాట అనలేదు.

షెడ్డుకు తిరిగి వచ్చాక సాంబమూర్తి, "గురువారం పొద్దున నేను కిరాయిలు తీసుకోను. దిల్‌సుఖ్‌నగర్‌లో పనుంది" అన్నాడు.

ఏం పని అని బిక్షమయ్య అడగలేదు. యంత్రం పెట్టెను చేతిలో అటూ ఇటూ తిప్పి, "గట్లయితే అమ్మను మలక్‌పేట కంటి దవాఖానకు తీస్కపో సారూ. ఎట్లాగూ దారే గద. గారోజు నాకు కిరాయి ఉన్నది" అన్నాడు.

గురువారం ఎండ బాగా కాసింది. సాంబమూర్తి పాత ఊళ్ళోకి పోయి, కొత్త యంత్రాన్ని ఇండికా అద్దానికి అతికించుకొని, అండాలమ్మను ఎక్కించుకున్నాడు. కిరాయి ఉందన్న బిక్షమయ్య టవేరా వాకిట్లోనే, పైన గుడ్డ కప్పుకొని నిలబడి ఉంది. సాంబమూర్తి దాన్ని చూశాడు గాని ఏమీ అడగలేదు. ఇంటి కాగితాల సంచి మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి, కారును తన ఇంటికి తిప్పి, గేటు ముందు ఆపాడు. లలితకుమారి సంచి తెచ్చి కిటికీలోంచి అందించింది. అతని ముఖంలోకి చూడలేదు.

అండాలమ్మ అలవాటు కొద్దీ తువ్వాలు మీద చెయ్యి నిలబెట్టింది. "యాడికి పోవాలె బిడ్డా?"

అతడు దిల్‌సుఖ్‌నగర్‌లోని మధ్యవర్తి ఆఫీసు పేరు చెప్పాడు.

నీడ పడలేదు.

మబ్బు వచ్చిందేమోనని అద్దంలోంచి పైకి చూశాడు. మబ్బు లేదు. గేటు కమ్ముల నీడలు రోడ్డు మీద విడివిడిగా లెక్కకు దొరికేలా పడి ఉన్నాయి. కారు అద్దాన్ని తుడిచే పుల్ల నీడ తువ్వాలు మీదనే ఉంది. మళ్ళీ చెప్పాడు, ఈసారి అంతస్తుతో సహా. చేతి చుట్టూ తువ్వాలు తెల్లగా ఉంది.

"యాడ వడ్డది నీడ? నాకు కండ్లు కానొస్తలేవు" అంది అండాలమ్మ.

"పడలేదు పెద్దమ్మా."

"పడకపోతే ఒచ్చినట్టే. బ్రేకు గుంజు." ఆమె తలుపు కోసం తడుముకుంది. "ఎక్కి కూసున్ననో లేదో, గింత జల్ది ఒచ్చినమా?"

"ఉండండి." అతడు గొంతు సవరించుకున్నాడు. "గుంటూరు" అన్నాడు.

చేతి కింద నీడ లేదు. గుంటూరులో అన్న ఉండే పేట పేరు చెప్పాడు. లేదు. ఆ నీడలోనే లోపముండవచ్చునని అతని బుద్ధి చెప్పింది. ఆ సంగతి కూడా తేల్చుకోవలసిందే.

"మలక్‌పేట కంటి దవాఖాన" అన్నాడు.

నీడ వెంటనే పడింది. నల్లగా, సూటిగా, ఎదురుగా మెరుస్తున్న సూర్యుడి వైపుకే సాగి, కాలనీ చివరి మలుపు మీదికి ఒరిగింది.

నీడలో లోపం లేదు, పడకపోతే వచ్చినట్టేనన్న పెద్దమ్మ మాట సాంబమూర్తికి మళ్ళీ వినబడింది. గేటు దగ్గర లలితకుమారి ఇంకా నిలబడే ఉంది. అతడు కాగితాల సంచిని కిటికీలోంచి తిరిగి ఆమెకే అందించాడు. "లోపల పెట్టు" అన్నాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పుచ్చుకుంది.

కర్మన్‌ఘాట్ దాటి, సరూర్‌నగర్ చెరువు పక్కనుంచి దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యి పెట్టి, పెద్ద గుండిగలో అన్నం వండుతున్నారు. బళ్ళన్నీ ఆగాయి. ఇండికా ఆగింది సరిగ్గా మధ్యవర్తి ఆఫీసున్న మేడ ఎదుట. పై అంతస్తు కిటికీలో మనిషి కనిపిస్తున్నాడు. చేతినీడ ఆ మేడను పట్టించుకోకుండా, గుండిగ మీదుగా, మలక్‌పేట వైపే చూస్తోంది.

ఫోను మోగింది. సాంబమూర్తి ఎత్తాడు. "రావడం లేదండీ... లేదు, రేపు కూడా రాను. ఇల్లు అమ్మడం లేదు" అన్నాడు. అవతలి గొంతు ఏదో అడుగుతుంటే, విని, "కారణమంటే, ఊరు మారవలసిన అవసరం కనబడలేదు" అని పెట్టేశాడు.

ఒకామె రెండు విస్తరాకులు తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. "తినున్రి పెద్దమ్మా. సారూ, మీరు గూడ తినున్రి."

అతడు తిన్నాడు. అన్నం వేడిగా ఉంది, కొంచెం మాడింది. మాడిందని ఆమెతో చెప్పాడు కూడా.

"రోడ్డు మీద వండితే గట్లనే మాడుతది సారూ" అంది ఆమె, ఇంకొంచెం వడ్డిస్తూ.

దవాఖానలో పొర తీయించాలన్నారు, సమయం ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు అండాలమ్మ కునుకు తీస్తుంటే లేపడం ఇష్టంలేక, సాంబమూర్తి యంత్రంలో ఇంటి బొమ్మ నొక్కాడు. అది మర్యాదగా తిరగండి తిరగండి అంటూ పాత ఊళ్ళోకి తీసుకుపోయి, బిక్షమయ్య వాకిలి ముందు, "మీరు ఇల్లు చేరుకున్నారు" అంది.

బిక్షమయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నట్టుంది. లేవలేదు.

సాంబమూర్తి కారు దిగి, యంత్రాన్ని అద్దం మీదనుంచి పీకి, దాన్ని అతని ముందు పెట్టాడు. "ఇదేం పద్ధతి బిక్షమయ్యా? ఇల్లు నొక్కితే నన్ను మీ ఇంటికి తెచ్చింది. ఈ గడిలో మా ఇల్లు ఉండాలి."

బిక్షమయ్య తలెత్తి చూశాడు. "మొన్న నువ్వే గద మా ఇల్లు పెట్టుమన్నవు."

"మొన్న సరిగ్గా ఆలోచించలేదు. మా సందు వెడల్పు. కారు తిప్పుకోవడానికి వీలుంటుంది."

"వెడల్పుంటది మరి. ఆముదాల చేను గద గది, మాది."

"అమ్మారుగా."

"అమ్మినం. అమ్మితే చేను పేరు వోతదా?"

"పేరు ఉంచుకో. గడి నాకివ్వు. ఇంకోటి చెప్పాలి. మీ ఆకాశ్ ఆ స్టిక్కరు ఎంత వంకరగా అంటించాడో చూశావా? అంటించేవాడు ఒక మాట అడగాలి. అడగకపోతే పోనీ, తిన్నగానైనా అంటించాలి."

"అడగాలె. అడగకపోవుడు తప్పే" అన్నాడు బిక్షమయ్య. లేచి లోపలికి పోయి, చాలాసేపటికి తడిగుడ్డతో తిరిగొచ్చి, ఇండికా ముందు గొంతుకూర్చున్నాడు. స్టిక్కరు అంచును గోటితో లేపుతూ, "గడి మాత్రం ఇయ్య. మా అమ్మ ఉండేది గీ ఇంట్ల" అన్నాడు.

"మీ అమ్మగారు ఎక్కువగా ఉండేది నా కారులో."

"నీ కారు ఉండేది మా చేన్ల."

మాటలకు అండాలమ్మ మేలుకుంది. ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. తువ్వాలు మీద చెయ్యి నిలబెట్టి, "ఇంక యాడికి పోవాలె బిడ్డా?" అంది.

వాదనలో ఉన్న ఇద్దరికీ అది వినబడలేదు. ఎవరూ ఏ చోటూ చెప్పలేదు గనక ఆమె చేతినీడ, తక్కిన మనుషుల నీడల్లాగే, సూర్యుడికి ఎదుటి వైపున పొట్టిగా పడి ఉంది.