కరెంటు మింగిన చరణం

నేను ఒక వీడియో క్యాసెట్టును. నల్లటి ఒళ్లు, కడుపులో రెండు చక్రాలు, వాటికి చుట్టుకున్న గోధుమరంగు టేపు. నన్ను చూసి "ఇది టిఫిన్ బాక్సా?" అని అడిగిన పిల్లలున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఉత్తరాదిలో ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఒంగోలులో ఒక వీడియో లైబ్రరీకి చేరాను. ఊళ్లో సగం ఇళ్లు తిరిగాను. జనం పోట్లాడి మరీ నన్ను తీసుకెళ్లేవారు, సగం సినిమాకే నిద్రపోయేవారు, పొద్దున్నే "అద్భుతంగా ఉంది" అని తిరిగిచ్చేవారు. కేబుల్ టీవీ వచ్చాక లైబ్రరీ మూతపడింది. లైన్‌మన్ భూషణం ఒక పాత వీసీఆర్‌తో పాటు నన్నూ ఇంటికి తెచ్చుకున్నాడు, క్రికెట్ మ్యాచ్‌లు రికార్డు చేసుకోవడానికి.

కానీ ఆయన భార్య తులసమ్మ నా నిండా పాటలు ఎక్కించింది.

ఆ రోజుల్లో టీవీలో హిందీ ఆల్బమ్ పాటలు వచ్చేవి. సినిమా ఉండదు, కథ ఉండదు. ఎవరో ఒకమ్మాయి కోటగోడ మీద పరిగెత్తేది, ఎవరో ఒకబ్బాయి ఎడారిలో గిటారు పట్టుకుని నిలబడేవాడు. గాలి ఎక్కణ్ణుంచి వచ్చేదో గానీ అందరికీ జుట్టు ఎగురుతూనే ఉండేది. కూతురు మంజరికి ఆ పాటలంటే ప్రాణం. అవి వచ్చే వేళకు ఆ పిల్ల ట్యూషన్‌లో ఉండేది. అందుకని తులసమ్మే వీసీఆర్‌లో రికార్డు చేసే రెండు బటన్ల మీద వేళ్లు పెట్టి కాచుకుని కూర్చునేది. ఆమె తేరుకుని నొక్కేసరికి మొదటి లైను అయిపోయేది. నాలో ఏ పాటకూ మొదలు లేదు.

ఒకరోజు కోటగోడ అమ్మాయి పాట ఎక్కిస్తుంటే కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. తులసమ్మ మళ్లీ నొక్కింది. తెర మీద ఒక్క కుదుపు, అంతే. మధ్యలో చరణం మాయమై పాట చివరి చరణానికి దూకింది. ఈ సంగతి కూతురికి చెప్పడం ఆమె మర్చిపోయింది. మంజరి ఆ పాటను నాలోనే విన్నది, నాలోనే చూసింది. ఆ పిల్లకు పాటంటే అదే.

ఇంటర్ కాలేజీ వార్షికోత్సవంలో ఆ పాటకు డాన్స్ చేస్తానంది. భూషణం మండిపడ్డాడు.

"నేను స్తంభం ఎక్కితే కింద నిలబడి నీ గెంతుల గురించే మాట్లాడతారు. ఒద్దు."

"ఒక్కసారి చూడు నాన్నా. ఒకే ఒక్కసారి."

"చూస్తా. నలుగురూ నవ్వారా, ఇక గజ్జెలు కట్టేది లేదు. ఆ క్యాసెట్టు మీద మ్యాచ్ ఎక్కించేస్తా."

అంటే ఆ పిల్ల డాన్సుతో పాటు నా కడుపులోని పాటలు కూడా పందెంలో ఉన్నాయన్నమాట.

వార్షికోత్సవానికి నన్నెవరూ తీసుకెళ్లలేదు. అయితే ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారంటే, నాకు కళ్లారా చూసినట్టే ఉంటుంది. మంజరి స్నేహితురాలు ఆ పూటే ఆ పాట ఉన్న ఆడియో క్యాసెట్టు తెచ్చి మైక్ సెట్టు వాళ్లకిచ్చింది. దాన్ని ముందుగా వినాలని ఎవరికీ తోచలేదు. తనకు తెలియని మొదటి లైనును మంజరి దండం పెడుతూ గడిపేసింది, మొదటి చరణం అదిరిపోయింది. తర్వాత, మంజరి ఎన్నడూ వినని వేణువు మొదలైంది.

మంజరి ఆగిపోయింది. ముందు వరసలో భూషణం కుర్చీ అంచుకు జరిగాడు. వేణువు సాగుతూనే ఉంది.

మంజరి తలెత్తి పైకి చూసింది, అక్కడ బల్బు ఆరిపోయినట్టు. పమిట చెంగుతో విసురుకుంది. చెంప మీద దోమను కొట్టింది. అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ గడపకు కాలివేలు కొట్టుకుని కుంటింది. ఆ తర్వాత కిటికీలోంచి మెడ సాచి, పక్కింట్లో కూడా కరెంటు పోయిందో లేదో చూసింది. పోయిందని తెలిసి తృప్తిగా నవ్వింది.

జనం గొల్లుమన్నారు. చివరికి నడుం మీద చేతులు పెట్టి, లైన్‌మన్ ఎప్పుడొస్తాడా అని దారి వంక చూస్తూ నాలుగు తిట్లు అభినయించేసరికి, తెలిసినవాళ్లంతా భూషణం వైపు తిరిగి మరీ నవ్వారు. అంతలో చివరి చరణం వచ్చింది. మంజరి దానిలోకి దూకింది.

ఇంటికొచ్చాక భూషణం చొక్కా విప్పుతూ అడిగాడు:

"ఆ మధ్యలోది ఎవరు నేర్పారే?"

"ఎవరూ లేరు నాన్నా. మన క్యాసెట్టులో అక్కడ పాటే లేదు. ఎక్కించేటప్పుడు కరెంటు పోయుంటుందని అప్పుడే తట్టింది."

తులసమ్మ వంటింట్లోంచి అంది, "ఎవరూ లేకపోవడమేంటి? మీ డిపార్టుమెంటు వాళ్లే నేర్పారు. నేను రికార్డు చేస్తుంటే కరెంటు తీసింది వాళ్లేగా!"

భూషణం సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. నన్ను వీసీఆర్‌లోంచి లాగాడు.

"అయ్యో, దాన్నేం చేస్తున్నారండీ? నవ్వారని పిల్ల మీద కోపం దాని మీదా?"

నా అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది విరిచేస్తే నా మీద ఇంకేదీ రికార్డు కాదు. భూషణం దాన్ని టక్కున విరిచి, నన్ను మంజరి చేతిలో పెట్టాడు.

"ఇక దీని మీద ఎవరూ ఏదీ ఎక్కించలేరు. నేనైనా సరే. గజ్జెలు వదులుగా ఉన్నట్టున్నాయి, రేపు బిగించుకురా."

ఇప్పుడు నేను మంజరి డాన్స్ స్కూల్లో అలమారా పైఅరలో ఉంటాను. వీసీఆర్ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది. మొన్న పిల్లలు ఫోన్లో ఆ పాట మొత్తం పెట్టారు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. మధ్య చరణంలో కోటగోడ అమ్మాయి ఏ అడుగూ వెయ్యదు. ఊరికే నిలబడి జుట్టు ఎగరేసుకుంటుంది.

"ఇక్కడ మేమేం చెయ్యాలి టీచర్?" అంది ఒక పిల్ల.

"మీ ఇంట్లో కరెంటు పోతే ఏం చేస్తారో అది చెయ్యండి."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏం చెయ్యం టీచర్. ఇన్వర్టర్ ఆన్ అవుద్ది."

మంజరి పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుని, పమిట బిగించి, వాళ్లకు కరెంటు పోవడమంటే ఏమిటో మొదటినుంచీ నేర్పడం మొదలుపెట్టింది.