గంగమణి చెప్పిన పది

నేను ఒక ట్యాబ్‌ను. నాలో పాటల్లేవు, ఆటల్లేవు, ఉన్నవన్నీ ప్రశ్నలే. ఏ దూరదేశపు కర్మాగారంలోనో పుట్టి, ఓడా లారీ ఎక్కి జగిత్యాలలో ఒక సర్వే ఆఫీసుకు చేరాను. ఎన్నో దేశాల మనుషులను ఒకే రకం ప్రశ్నలడిగి ఎవరు సుఖంగా ఉన్నారు, ఎవరు భయంగా ఉన్నారు, ఎవరు నాయకులను నమ్ముతున్నారు అని తేల్చే పని మాది.

నా మొదటి యజమాని టీకొట్టు దగ్గర కూర్చొని పదిళ్ల జవాబులు తనే నింపేసేవాడు. అతని లెక్కలో ఆ ఊళ్లన్నీ మహా సుఖంగా ఉండేవి. నాకు అనుమానం జబ్బు పట్టుకున్నది అప్పుడే.

తర్వాత జమున చేతికి వచ్చాను. ప్రతి ప్రశ్నా పూర్తిగా చదివి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టే మనిషి. కిందటి వేసవిలో మేమిద్దరం మెట్‌పల్లి దగ్గర బీడీలు చుట్టే ఊరికి వెళ్లాం. మొదటి ఇంట్లో "మంచిగనే ఉన్నది" అన్నారు. రెండో ఇంట్లోనూ అదే మాట. ఆరో ఇంట్లో అయితే ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చింది. జమున తలెత్తి వీధి చివరకు చూసింది. ఊరి నాయకుడి తమ్ముడు భూమన్న మాకంటే ఒక ఇల్లు ముందుగా మోటారుసైకిల్ మీద వెళ్తున్నాడు.

ఏడో ఇల్లు గంగమణిది. ఆమె చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. భూమన్న అప్పటికే గడప మీద కూర్చున్నాడు.

"మీ బతుకు పదిమెట్ల నిచ్చెన అనుకోండి. పైన పదో మెట్టంటే అన్నిటికన్నా మంచి బతుకు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?"

గంగమణి భూమన్న వైపు చూసి "పది" అంది.

"చీకటి పడ్డాక మీ ఊళ్లో ఒంటరిగా నడవాలంటే భయంగా ఉంటుందా?"

"భయమేంది? మంచిగనే ఉన్నది."

"నాయకుల మీద నమ్మకం ఉందా?"

"ఎందుకుండదు?" అన్నాడు భూమన్న.

"అన్నా, ఈమెనొక్కదాన్నే అడగాలె. మా రూలు" అంది జమున.

"నేనేమన్న పరాయోణ్ణా?" అని నవ్వాడే తప్ప అతను లేవలేదు.

జమున నన్ను సంచిలో వేసుకుంది. "అక్కా, జెర మంచినీళ్లిస్తవా?" అంటూ ఆమె వెనకే వంటింట్లోకి నడిచింది.

"నువ్వు పింఛన్లు కోసేటందుకు అచ్చినవని భూమన్న చెప్పిండు. నిజమేనా?" గంగమణి గొంతు తగ్గించి అడిగింది.

"కాదక్కా. నీ పేరు గూడ బయటికి పోదు."

కుండ మూత తీసి నీళ్లు ముంచిన చప్పుడైంది.

"మా పిల్ల కోరుట్లకు కుట్టు నేర్వ పోయేది. మా ఊరి బస్టాండు కాడ భూమన్నోళ్లదే బెల్టుషాపు. తాగినోళ్లు చున్నీ గుంజిండ్రు. నెలాయె, పిల్ల గడప దాటుతలేదు. పది గిది ఉత్తముచ్చట. రెండో మెట్టని రాసుకో."

జమున పాత జవాబులు తుడిచేసి అక్కడే మళ్లీ అడిగింది. రెండు. భయం ఉంది. నమ్మకం లేదు.

నాలుగు రోజులకు సూపర్‌వైజర్ సుదర్శన్ సరిచూడ్డానికి గంగమణికి ఫోన్ చేశాడు. ఆమె "భయమేం లేదు సారూ" అంది. ఆయన జమునను పిలిచాడు.

"ఆరిండ్లు ఒక్కతీరుగున్నయి. ఇదొక్కటే తేడా. నువ్వే రాసినవు గదా?"

ఆమె ఎంత చెప్పినా వినకుండా నన్ను లాక్కొని, గంగమణి జవాబులను లెక్కలోంచి తీసేసి, రేపటినుంచి రావద్దన్నాడు. ఒకే అచ్చులో పోసిన ఆరు జవాబుల మీద ఆయనకు అనుమానం రాలేదు. ఆ వంటింట్లో ఉన్నదాన్ని నేను. నన్ను మాత్రం ఎవరూ అడగరు.

మూడోరోజు పొద్దున గంగమణి ఆఫీసుకు వచ్చింది. పక్కన ఆమె కూతురు, ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు, వెనక జమున. ఫోన్లో అబద్ధం చెప్పాక ఉండబట్టలేక తానే జమునకు ఫోన్ చేసిందట.

"అప్పుడు మా ఆయన, భూమన్న పక్కనే కూసున్నరు సారూ. ఇగ ఇప్పుడు రాసుకో. ఈ జమున పని పోగొట్టకు."

సుదర్శన్ నన్ను తెరిచాడు. గడువు దాటింది, ఆ ఊరి జవాబులకు పై ఆఫీసు తాళం వేసింది. ఏమీ మార్చలేనని నెమ్మదిగా చెప్పాడు.

"అయితే మా ఊరు ఎట్లున్నదని పోయింది?"

"భయం లేదని" అన్నాడు తల వంచుకొని.

"గా కాయితమే ఇయ్యి. పోలీసు స్టేషన్ల సూపెడ్త. భయం లేని ఊళ్లె మా పిల్ల ఇంట్ల ఎందుకు కూసున్నదో ఆళ్లనే చెప్పమంట."

కాగితం ఇవ్వడానికి రూలు ఒప్పుకోలేదు. సుదర్శన్ నన్ను తిరిగి జమున చేతిలో పెట్టాడు. కాగితం లేకుండానే ఆ ఆడవాళ్లు స్టేషనుకు వెళ్లారు, జమున కూడా వెళ్లింది. బెల్టుషాపు మూతపడింది. ఎన్నాళ్లకో చెప్పలేను. పిల్ల మాత్రం మళ్లీ కోరుట్ల బస్సెక్కుతోంది, తల్లి బస్టాండుదాకా తోడు వెళ్తోంది.

ఇప్పుడు నా అద్దం పగిలింది. ఆఫీసు ఇనుప బీరువా మీద పడి ఉన్నాను. కింద కూర్చున్న సుదర్శన్ మాటలు వినిపిస్తుంటాయి. ఎవరికి ఫోన్ చేసినా ముందుగా "అమ్మా, మీ పక్కన ఎవరన్న ఉన్నరా?" అని అడుగుతున్నాడు. కొందరు లేరంటారు. కొందరు ఆ మాట వినగానే ఫోన్ పెట్టేస్తారు. ఆ పెట్టేసినవాళ్ల గురించే నాకు దిగులు.