ఇత్తడి బిళ్ళ

అమ్మ ఇరవై ఆరేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. అక్కడ నలభై మిషన్లకు ఒకటే ఇత్తడి బిళ్ళ. బాత్రూమ్‌కి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ని అడిగి ఆ బిళ్ళ తీసుకోవాలి. ఆపుకుని ఆపుకుని కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్పినా అమ్మ నమ్మదు.

రేపు నాకు రాజనీతి శాస్త్రం పరీక్ష. అమ్మ మంచం పక్కన కూర్చుని పాఠం పైకి చదువుతున్నాను. "యజమాని ఎంత దయగలవాడైనా, అతని అనుమతి మీద బతికే మనిషి బానిసేనని పూర్వం కొందరు వాదించారు. అడగాల్సిన అవసరం లేకపోవడమే స్వేచ్ఛ అన్నారు."

"అదేం చోద్యమే," అంది అమ్మ. "మా సూపర్‌వైజర్ బంగారంలాంటి మనిషి. అడిగితే ఏనాడూ కాదనలేదు."

"అడక్కపోతే?"

"అడక్కుండా ఎలా వెళ్తామే, నీ మొహం."

నాకు ఒళ్లు మండింది. అమ్మ మీద కాదు, ఆ బంగారం మీద. పుస్తకంలో ఆ వాక్యం కింద గట్టిగా గీత గీస్తే కాగితం చిరిగింది.

కాసేపటికి అమ్మ మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచింది.

"బాత్రూమ్‌కి వెళ్లొస్తానే. వెళ్లనా?"

"ఊ, వెళ్లు," అన్నాను, పుస్తకంలోంచి తలెత్తకుండా.

అన్న తర్వాతగానీ ఆ మాట నా చెవిన పడలేదు. అప్పటికే అమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. తను ఫ్యాక్టరీ మానేసి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లూ ఆ బిళ్ళ నా దగ్గరే ఉంది.