మద్దిలేటి పట్టిన కొస

నేను ఒక లెవెల్ పైపును. అరవై అడుగుల పొడవు, చిటికెన వేలంత లావు, లోపల ఏముందో బయటికి కనిపించే ఒళ్లు. దాపరికం లేని పుట్టుక నాది. నా ఫిర్యాదంతా మద్దిలేటి మీద. అబద్ధం ఆడటం చేతకాని నా నోరు నొక్కి, నాచేత అబద్ధం చెప్పించినవాడు అతనే.

ఏదో ఊరి శివారు షెడ్డులో గింజల్లాంటి ముడిసరుకును కరిగించి నన్ను పోశారు. డోన్‌లో ఇనుప సామాన్ల అంగడి కొక్కేనికి చుట్టలా వేలాడుతుంటే ఓబులేసు కొనుక్కుపోయాడు. అతను తాపీ మేస్త్రీ. ఐదో తరగతిలో బడి మాని, ఇటుకలు మోసి మోసి తాపీ పట్టినవాడు. నాదీ అంతే చదువు. నీళ్లు తప్ప నాకు వేరే అక్షరం రాదు.

ఓబులేసు నాలో నీళ్లు నింపి, చిటికెడు నీలిమందు కలిపి, బుడగలన్నీ పోయేదాకా వేలితో తట్టేవాడు. నేల నుంచి ఒకే ఎత్తున గీత పెట్టిన రెండు కర్రలు పాతి, వాటికి నా రెండు కొసలు కట్టేవాడు. నేల పల్లంగా ఉన్నచోట నీరు కర్ర మీద గీత దాటి పైకెక్కుతుంది, మెరకచోట గీత కిందికి దిగుతుంది. అంతే నా విద్య. నీళ్లు ఒలకకుండా మోసుకెళ్లేటప్పుడు మాత్రం మూతుల మీద బొటనవేళ్లు పెట్టాలి, కర్రకు కట్టాక తీసేయాలి. తీయకపోతే నీరు కదలదు. అందుకే ఓబులేసుకు ఒక నియమం ఉండేది: కర్రలు కదలవు, మనుషులు మారాలి. ఈ కొస చూసినవాడు నడిచి వెళ్లి ఆ కొసనూ తన కంటితోనే చూడాలి. ఎంత పెద్దింటి పునాది అయినా సరే, అలా చూడందే అతను రాయి వేసేవాడు కాదు. పదకొండేళ్లలో మేమిద్దరం ఎత్తిన గోడల్లో ఒక్కటీ వంకర పోలేదు.

వంకర పోయింది సొంత చేనులోనే.

మద్దిలేటి ఓబులేసుకు అక్క మొగుడు. ఇరవై ఏళ్లు అతన్ని బావా అని పిలిచిన ఓబులేసు, అక్క కూతురు సుంకులమ్మను చేసుకున్నాక మామా అని పిలవడం నేర్చుకున్నాడు. ఇద్దరి చేలూ పక్కపక్కనే. రెండు బోర్లూ ఎండలకు దగ్గుతుండేవి. వాన నీళ్లు నిలిచేలా ఉమ్మడిగా ఒక కుంట తవ్వుకుందామని అనుకున్నారు. కుంట పల్లంలోనే ఉండాలి కాబట్టి ఎవరి మూల పల్లమైతే వాళ్లు నేల ఇవ్వాలి. సమానంగా ఉంటే చిన్నవాడు ఇచ్చుకోవాలి. ఈ రెండో మాట కలిపింది మద్దిలేటే. అతని మూలలో నాలుగు సాళ్లు చీనీ చెట్లు, అంటే బత్తాయిలు, అప్పుడే కాపుకొస్తున్నాయి.

ఆ ఉదయం నా ఒక కొస ఓబులేసు కర్రకు, రెండోది మద్దిలేటి కర్రకు. మధ్యలో నేను నేల మీద పడుకుని ఉన్నాను.

"వేలు తీసినావా, మామా?" అని ఇటునుంచి ఓబులేసు.

"తీసినా లేప్పా. నీళ్లు గీత మీదనే నిలబడినాయి."

తీయలేదు. భుజం మీది తువ్వాలు కర్ర మీదికి జారవిడిచి, దాని చాటున నా మూతిని అదిమే ఉంచాడు. నాలోని నీరు అటు పొంగాలని చూసి, దారి లేక నిలిచిపోయింది. ఓబులేసు అలవాటు కొద్దీ అటువైపు రెండడుగులు వేశాడు.

"యాడికి, అల్లుడా? నా కండ్లు పోయినాయనుకుంటివా?"

పిల్లనిచ్చిన మామతో, పైగా అక్క మొగుడితో, నువ్వు చెప్పింది నిజమో కాదో చూస్తానని ఎలా అంటాడు? ఓబులేసు ఆగిపోయాడు. పరాయివాళ్ల ఇళ్లలో ఒక్కసారీ తప్పని నియమం సొంతవాడి మర్యాద కోసం తప్పాడు. రెండు మూలలూ సమానమని తేలింది కాబట్టి, మూడోరోజు జేసీబీ వచ్చి చిన్నవాడైన ఓబులేసు మూలను తవ్వేసింది.

శ్రావణంలో గట్టి వాన పడింది. పైనుంచి వచ్చిన నీరు కుంట కట్టను ఒరుసుకుంటూ పోయి మద్దిలేటి మూలలో వారం రోజులు నిలిచి ఇంకింది. అతని బోరు దగ్గు మానింది. ఓబులేసు కుంటలో కుక్క తాగడానికి చాలినంత నీరు మిగిలింది. సొంత చేను మట్టం తెలియనోడు మన ఇల్లేం కడతాడని ఊళ్లో నవ్వుకున్నారు. మాట్లాడుకున్న రెండు ఇళ్ల పని వేరే మేస్త్రీకి పోయింది.

ముందు నా మీదే అనుమానపడ్డాడు ఓబులేసు. బుడగ ఉండిపోయిందేమోనని ఒళ్లంతా తడిమాడు. తర్వాత సుంకులమ్మను వెంటబెట్టుకుని నన్ను మళ్లీ చేనుకు తెచ్చాడు. కుంట తవ్వగా మిగిలిన గట్టు పక్కన ఒక కర్ర, మామ మూలలో ఇంకో కర్ర. తండ్రి నిలబడిన చోటే నిలబడి, ఆమె నా మూతి వదిలి, చెయ్యి మొగుడికి కనబడేలా పైకెత్తింది. నీరు నీలంగా గీత దాటి పైకెక్కింది. ఇద్దరూ చోట్లు మారారు. రెండు కొసలూ చూసుకున్నారు. మద్దిలేటి నేల బెత్తెడు పల్లం.

"మా నాయన తెలిసే చేసినాడు. పంచాయితీ పెట్టు. నేనొచ్చి చెప్తా" అంది సుంకులమ్మ.

ఓబులేసు నన్ను చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆయన్ని దొంగంటే మా అక్క దొంగ పెండ్లామైతాది. నువ్వు దొంగ కూతురువి. నేనేమో ఆ ఇంటి అల్లుణ్ణి. ఎవురి మీద గెలిచేది?"

"మరి నీ పేరు?"

"కొలిచింది నేనే గదా. తప్పు నాదేననుకోనీ."

ఇప్పుడు నేను బోరు షెడ్డులో గోడ మేకుకు వేలాడుతున్నాను. పసుపుపచ్చగా మారాను, వంచితే విరుగుతాను. మనుషులు మట్టం కోసం నీటిని నమ్ముతారు గాని, నీటి మీద వేలెవరిదో చూడటానికి మొహమాటపడతారు. పాసుపుస్తకంలో ఓబులేసు పేరున రెండెకరాల నలభై సెంట్లు ఇప్పటికీ ఉంది. వేరుశనగ వేసేది మాత్రం రెండెకరాల ఇరవై ఆరున్నర సెంట్లలో. కుంట కింద పోయింది పదమూడున్నర సెంట్లు.